న్యాయస్థానంలో మన రెండు భాషలు

ఒక పాలన ముగిసి మరొక పాలన ఆరంభమయ్యే సంధికాలంలో ప్రజలకు అన్నింటికన్న ముందు కావలసినది అన్నం. ఆ వెంటనే కావలసినది న్యాయం. పాత ప్రభుత్వం పోయినా పాత తగాదాలు పోవు. పొలం గట్టు మీది వివాదం గట్టు మీదనే ఉంటుంది. జైలులో ఉన్నవాడు జైలులోనే ఉంటాడు. కాని అతనిని విచారించే చట్టం మారుతుంది, తీర్పు చెప్పే న్యాయమూర్తి మారుతాడు, ఒక్కొక్కప్పుడు తీర్పు వ్రాసే భాష కూడ మారుతుంది. ఇటువంటి సమయంలో బయటివారు సహాయానికి వస్తారు. ఒక దేశం న్యాయవాదులను పంపుతుంది, ఇంకొక దేశం న్యాయమూర్తులను పంపుతుంది, మరొక దేశం తన తీర్పులను ఆదర్శంగా చూపుతుంది. ఈ సహకారం వలన కలిగే మేలు ఎంత, అది ఎక్కడికి వచ్చి ఆగిపోతుంది అనే విషయాన్ని ఈ వ్యాసంలో విచారింప దలచినాము.

మేము వృత్తిరీత్యా తెలుగు బోధించేవారము. న్యాయశాస్త్రంలో పట్టా పొందినవారము కాము. అయినా ఈ విషయం మీద వ్రాయ సాహసించడానికి కారణం ఉన్నది. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్రలోనే అది ఉన్నది. పైగా ఆ సమాధానంలో చట్టం ఎంత ఉన్నదో భాష కూడ అంత ఉన్నది. మా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాము. బయటి సహకారం చట్టాన్ని న్యాయస్థానపు గుమ్మం వరకు తీసుకొని రాగలదు. గుమ్మం నుండి కక్షిదారుని చెవి వరకు దానిని చేర్చవలసినది అతని భాష, ఆ భాష తెలిసిన మనిషి. ఆ మనిషి లేనిచోట ఎంత గొప్ప సంస్కరణ అయినా కాగితం మీదనే నిలిచిపోతుంది.

మన రెండు జిల్లాలు 1948 వరకు హైదరాబాదు సంస్థానంలోనివి. ఈ సంస్థానపు న్యాయవ్యవస్థ కూడ బయటివారి సహకారంతోనే ఆధునిక రూపం పొందినది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉండిన మొదటి సాలార్ జంగ్ ఉత్తర హిందూస్థానం నుండి విద్యావంతులైన ఉద్యోగులను రప్పించి రెవెన్యూ శాఖను, న్యాయశాఖను క్రమబద్ధం చేయించినారు. ఆయన తరువాతి కాలంలో పారశీకం స్థానంలో ఉర్దూ కచేరీల భాష అయినది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు అనేక శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదించినది. వాటిలో న్యాయశాస్త్ర గ్రంథాలు కూడ ఉన్నవి. 1921లో న్యాయశాఖను పాలనాశాఖ నుండి వేరు చేసినారు. బ్రిటిషు ఇండియాలో కాంగ్రెసు మహాసభలు ఏండ్ల తరబడి కోరుతూ వచ్చిన సంస్కరణ ఇది.

ఒక దేశభాషలో న్యాయశాస్త్రం బోధించవచ్చును, వాదించవచ్చును, తీర్పు వ్రాయవచ్చును అని నిరూపించిన గడ్డ ఇది. ఈ గౌరవాన్ని ఉర్దూకు ఎవరూ కాదనలేరు. కాని ఆ వ్యవస్థలో ఒక లోటు ఉండినది. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదింట ఒకరు. దేవరకొండ నుండో, అచ్చంపేట నుండో కచేరీకి నడచి వచ్చిన రైతు తన గోడు తెలుగులో చెప్పుకుంటే అర్జీ వ్రాసేవాడు దానిని ఉర్దూలో వ్రాసేవాడు. ఆ కాగితంలో తన మాట ఎంత ఉన్నదో, వ్రాసినవాని మాట ఎంత ఉన్నదో రైతుకు తెలిసేది కాదు. వ్రేలిముద్ర మాత్రం అతనిదే.

ఈ లోటును మొదట గుర్తించినవారిలో వకీళ్ళు ఉండడం సహజమే. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలి చేసినారు. ఆ అవమానంలో నుండే ఆంధ్ర జన సంఘం పుట్టినది. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు, బూర్గుల రామకృష్ణారావు గారు కూడ న్యాయశాస్త్రం చదివినవారే. ఇద్దరూ ఉర్దూ, ఫారసీ భాషలు బాగుగా ఎరిగినవారు. మొదటివారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించినారు. రెండవవారు 1952 ఎన్నికల తరువాత హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినారు. తెలుగు కొరకు పనిచేసిన ఈ పెద్దలు ఉర్దూను శత్రువుగా చూడలేదు. రెండు భాషల మధ్య నిలబడగలిగినందువలననే వారు ప్రజలకు అక్కరకు వచ్చినారు. ఈ సంగతిని మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇక సంధికాలానికి వద్దాము. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనిక చర్యతో నిజాం పాలన ముగిసినది. మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా అధికారం చేపట్టినారు. అప్పటికి నల్లగొండ జిల్లాలో భూస్వాములకు, రజాకార్లకు ఎదురుగా లేచిన రైతాంగ పోరాటం సాగుతూనే ఉన్నది. ఒకవైపు ఆ పోరాటంలో పట్టుబడినవారు, మరొకవైపు రజాకార్ల చర్యలకు సంబంధించి నేరం మోపబడినవారు జైళ్ళలో ఉన్నారు. వీరిని విచారించడానికి ఫసలీ 1358 సంవత్సరంలో ఒక రెగ్యులేషను ద్వారా ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పడినవి. అప్పటి సాధారణ పద్ధతిలో హత్య వంటి ఘోర నేరాలకు సెషన్సు విచారణకు ముందు మేజిస్ట్రేటు ఒక ప్రాథమిక విచారణ జరిపేవాడు. ముద్దాయికి తనపై ఉన్న సాక్ష్యం ఏమిటో అక్కడ తెలిసేది. ట్రిబ్యునళ్ళ విచారణలో ఆ మెట్టు లేదు.

నల్లగొండ ప్రాంతపు పోరాటానికి సంబంధించిన హత్య కేసులలో కొందరికి 1949లో ఈ ట్రిబ్యునళ్ళు ఉరిశిక్షలు విధించినవి. ఆ సంవత్సరం డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వారి అప్పీళ్ళను కొట్టివేసినది. హైకోర్టు పైన సంస్థానంలో జుడీషియల్ కమిటీ అనే చివరి మెట్టు ఒకటి ఉండేది. అక్కడికి చేరకముందే 1950 జనవరి 26న భారత రాజ్యాంగం అమలులోకి వచ్చినది. జుడీషియల్ కమిటీ అధికారం పోయినది. వారు సుప్రీం కోర్టు తలుపు తట్టినారు. జనార్దనరెడ్డి తదితరులకు, హైదరాబాదు రాష్ట్రానికి మధ్య నడచిన వ్యాజ్యంగా న్యాయ గ్రంథాలలో నిలిచిపోయిన కేసు ఇదే. 1950 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పినది ఏమనగా, రాజ్యాంగం అమలుకు పూర్వం తీర్పు చెప్పిన హైదరాబాదు హైకోర్టు నాటికి భారత భూభాగంలోని న్యాయస్థానం కాదు. కావున ఆ తీర్పుల మీద ప్రత్యేక అప్పీలుకు అనుమతి ఇచ్చే అధికారం తమకు లేదు అని. పాత గుమ్మం మూతపడినది, కొత్త గుమ్మం తెరుచుకోలేదు. సంధికాలం అంటే ఏమిటో ఇంతకన్న స్పష్టంగా చెప్పగల ఉదాహరణ మాకు తెలియదు. రాజ్యం మారడానికి, న్యాయం మారడానికి మధ్య ఉన్న ఆ సందులో మనుషుల మెడలు ఇరుక్కున్నవి.

ఈ ఖైదీల పక్షాన నిలబడినవారిలో ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ న్యాయవాది డి. ఎన్. ప్రిట్ ఒకరు. ఆయన సముద్రాలు దాటి వచ్చి వాదించినారు. ఏ. ఎస్. ఆర్. చారి, దానియల్ లతీఫీ వంటి భారతీయ న్యాయవాదులు కూడ ఆ రక్షణ కార్యంలో పాల్గొన్నారు. మూడు మతాల నేపథ్యాల నుండి వచ్చిన న్యాయవాదులు తెలుగు పల్లెల పేద రైతుల ప్రాణాల కొరకు ఒక చోట చేరినారు. ఆ దానియల్ లతీఫీ పేరు మీదనే ముస్లిం స్త్రీల విడాకుల అనంతర హక్కులను గురించిన 2001 నాటి సుప్రీం కోర్టు తీర్పు నేడు ప్రసిద్ధమై ఉన్నది.

రెండవ విడతలో, 1951 మార్చిలో, తమకు న్యాయవాదిని ఏర్పాటు చేయకుండానే విచారణ జరిపినారన్న ఫిర్యాదు సుప్రీం కోర్టు ముందుకు వచ్చినది. అక్కడ అమెరికా సుప్రీం కోర్టు 1932లో చెప్పిన ఒక తీర్పు చర్చకు వచ్చినది. అలబామా రాష్ట్రంలో స్కాట్స్‌బరో అనే ఊరిలో నల్లజాతి యువకులను సరియైన న్యాయవాది సహాయం లేకుండా విచారించి మరణశిక్ష విధించగా, ఆ శిక్షలు చెల్లవని అమెరికా కోర్టు చెప్పినది. స్కాట్స్‌బరో పేదలకు దొరికిన సూత్రం నల్లగొండ పేదలకు వర్తిస్తుందా అన్నది ప్రశ్న. న్యాయవాది లేనంత మాత్రాన ప్రతి మరణశిక్ష విచారణా రద్దు కావాలనే నియమం లేదని మన సుప్రీం కోర్టు నాడు అభిప్రాయపడినది, అర్జీలు త్రోసివేసినది. చివరకు ప్రభుత్వ నిర్ణయంతో ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారినవి, మెడలు దక్కినవి.

ఓడిపోయిన వాదం వృథా పోయినదా? పోలేదు. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించవలెనన్న 39-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరినది. 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో, బీహారు జైళ్ళలో ఏండ్ల తరబడి విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల విషయంలో, ఉచిత న్యాయ సహాయం న్యాయమైన విచారణలో విడదీయరాని భాగమని సుప్రీం కోర్టు చెప్పినది. 1986లో సుఖ్ దాస్ కేసులో, న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నదని ముద్దాయికి తెలియజేయకుండా జరిపిన విచారణ చెల్లదని శిక్షను రద్దు చేసినది. నల్లగొండ ఖైదీల పక్షాన 1951లో అడిగిన ప్రశ్నకు ముప్పై అయిదు ఏండ్లకు అనుకూలమైన సమాధానం వచ్చినది. విత్తనం ఒక దేశానిది కావచ్చు, మొలకెత్తడానికి కాలం పట్టవచ్చు. పంట మాత్రం మనది.

ఇక్కడ మరొక విషయాన్ని మన విద్యార్థుల దృష్టికి తేవలసి ఉన్నది. ఆ ప్రత్యేక ట్రిబ్యునళ్ళను సుప్రీం కోర్టులో ప్రశ్నించినవారు పోరాట రైతుల పక్షంవారు మాత్రమే కాదు. నల్లగొండ జిల్లా బీబీనగర్‌లో జరిగిన దోపిడీ కేసులో శిక్షపడిన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ కూడ విచారణ పద్ధతి సమానత్వ సూత్రానికి విరుద్ధమని వాదించినాడు. 1953లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులలో అధిక సంఖ్యాకులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. అదే సంవత్సరంలో, మరణశిక్ష పడిన వరంగల్లు మాజీ సుబేదారు ఒకరిని, ముఖ్యమైన సాక్షిని విచారించకపోవడం వంటి లోపాల కారణంగా సుప్రీం కోర్టు నిర్దోషిగా విడుదల చేసినది. బయట ఒకరిమీద ఒకరు కత్తి దూసిన పక్షాలు న్యాయస్థానంలో అడిగిన ప్రశ్న ఒక్కటే: మమ్ములను విచారించిన పద్ధతి న్యాయమైనదేనా?

ఖాసిం రజ్వీ చేసిన పనులను మేము సమర్థించడం లేదు. బీబీనగర్ ప్రజలు పడిన బాధను తక్కువ చేయడం లేదు. మేము చెప్పదలచినది వేరు. న్యాయ విచారణ పద్ధతి మనకు నచ్చినవారి కొరకు ఒకటి, నచ్చనివారి కొరకు ఒకటి ఉండరాదు. నిన్నటి అధికారి నేటి ముద్దాయి కావచ్చు. నేటి ముద్దాయి రేపటి శాసనసభ్యుడు కావచ్చు. మన కండ్ల ముందే ఇవి జరిగినవి. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి ఈ సత్యం మరింత అవసరం. బలమైనవారికి బలమే రక్ష. బలహీనులకు పద్ధతి ఒక్కటే రక్ష.

సహకారం ఒకవైపు నుండే ప్రవహించలేదని కూడ గుర్తించాలి. 1952 చివరలో కెన్యా దేశంలో బ్రిటిషు వలస ప్రభుత్వం జోమో కెన్యాటాను, ఆయన సహచరులను కపెంగూరియా అనే మారుమూల ఊరిలో విచారణకు నిలిపినది. వారి పక్షాన వాదించినది మళ్ళీ డి. ఎన్. ప్రిట్ గారే. ఈసారి భారతదేశం నుండి దీవాన్ చమన్‌లాల్ వెళ్ళి ఆ బృందంలో చేరినారు. నైజీరియా, జమైకా దేశాల న్యాయవాదులు కూడ వారితో నిలిచినారు. పుచ్చుకున్న చేయి ఇచ్చిన చేయి కూడ అయినది. 1953 ఏప్రిలులో శిక్షలు పడినవి. పది సంవత్సరాలకు, 1963లో, కెన్యా స్వతంత్ర దేశమైనది. నాటి ఖైదీయే దానికి నాయకుడు అయినాడు.

కపెంగూరియాలో జరిగిన ఒక చిన్న ఘటన మన విషయానికి చాల దగ్గరగా ఉన్నది. కికుయూ భాషలో చెప్పే సాక్ష్యాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి లూయీ లీకీ అనే మానవశాస్త్రజ్ఞుడు దుబాసీగా నియమింపబడినారు. ఆయనకు ఆ భాష బాగుగా వచ్చును. కాని ఆయన నిష్పాక్షికత మీద ముద్దాయిల న్యాయవాదులకు నమ్మకం లేదు. ఆక్షేపణ రాగా ఆయన ఆ పని నుండి తప్పుకున్నారు. పలు ఖండాల న్యాయవాదులు ఉన్న విచారణలో కూడ కీలకమైన కుర్చీ దుబాసీదే అయినది. ముద్దాయి మాట ఆ కుర్చీ గుండానే న్యాయమూర్తి చెవిలో పడుతుంది కదా! భాష వచ్చినంత మాత్రాన చాలదు, ఉభయ పక్షాలు నమ్మదగినవాడు కావాలి.

మన కాలంలోని తూర్పు తైమూరు ఉదాహరణ కూడ ఇదే చెప్పుతుంది. 1999లో ఇండోనేషియా ఆధిపత్యం నుండి బయటపడిన ఆ చిన్న దేశంలో ఐక్యరాజ్యసమితి తాత్కాలిక పాలన నడిపినది. విదేశీ న్యాయమూర్తులు స్థానిక న్యాయమూర్తులతో కలిసి ఘోర నేరాల విచారణ జరిపినారు. 2002లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజ్యాంగం పోర్చుగీసును, తేతుమును అధికార భాషలుగా, ఇండోనేషియా భాషను, ఇంగ్లీషును వ్యవహార భాషలుగా గుర్తించినది. అక్కడి యువకులు చాలమంది చదువుకున్నది ఇండోనేషియా భాషలో. మాట్లాడేది తేతుము, ఇంకా అనేక స్థానిక భాషలు. సహాయానికి ధనం వచ్చినది, నిపుణులు వచ్చినారు. ఒక సాక్షి మాట ఒక భాషలో బయలుదేరి రెండు మూడు భాషలు దాటి తీర్పులోకి చేరవలసి వచ్చినది. ఏ దేశపు ధనసహాయమూ ఆ దూరాన్ని ఒక్క రోజులో తగ్గించలేదు.

మనకు ఆ దూరం తగ్గినదా అని ఇప్పుడు మనలను మనం ప్రశ్నించుకోవాలి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీం కోర్టు, హైకోర్టుల వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులోనే నడుస్తున్నది. 2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది. సుప్రీం కోర్టు తీర్పులను దేశభాషలలోకి అనువదించే పని 2019 నుండి సాగుతున్నది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరించినది. ఇవన్నీ సంతోషించదగిన విషయాలే. అయినా కక్షిదారునికి తన కేసు ఏమైనదో వకీలు గుమాస్తా చెప్పితేనే తెలిసే స్థితి నేటికీ చాలచోట్ల ఉన్నది. ఒకప్పుడు తెలుగు రైతుకు ఉర్దూ కాగితం మూగది. నేడు ఇంగ్లీషు కాగితం తెలుగు రైతుకూ మూగదే, ఉర్దూ మాట్లాడే రిక్షా కార్మికునికీ మూగదే. పేదరికంలో మాత్రం రెండు భాషలకు సమానత్వం సిద్ధించినది.

అంతే కాదు. ఒకప్పుడు అందరి మీద పెత్తనం చేసిన ఉర్దూ కాగితం నేడు తానే దిక్కులేనిదై పడి ఉన్నది. పాత సేత్వార్లు, వసూల్ బాకీలు, ఫైసల్ పట్టీలు, పహాణీలు అనేకం ఉర్దూలో ఉన్నవి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం క్రింద రక్షిత కౌలుదారులుగా నమోదైనవారి మనుమలు, మనుమరాండ్రు నేటికీ తమ హక్కుల కొరకు తిరుగుతున్నారు. 2020లో ధరణి వచ్చినది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినది. రికార్డుల వ్యవస్థ మారిన ప్రతిసారీ ఇనుప పెట్టెలలోని పాత కాగితం బయటికి రావలసి వస్తున్నది. అది చదువగల కండ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నవి. చదువగల వృద్ధుడు ఒకడు మరణించినప్పుడు ఊరిలో కొన్ని సర్వే నంబర్ల చరిత్ర కూడ అతనితో పోతున్నది.

ఒక్క మాటను ఉదాహరణగా తీసుకుందాము. పైన మేము పలుమార్లు వాడిన ముద్దాయి అనే మాటకు తెలుగులో నేరం మోపబడినవాడు అని అర్థం. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. ఎదుటి పక్షంవాడు ముద్దఆ అలైహ్. ఉర్దూ రాని తెలుగువాడు ఒక పాత తీర్పులో ముద్దయీ అన్న మాట విని, అది తెలుగు ముద్దాయే అనుకుంటే దావా మొత్తం తలక్రిందులవుతుంది. గెలిచినవాడు ఓడినవాడవుతాడు. ఒక్క మాట తేడాతో ఒక కుటుంబపు భూమి పోవచ్చు. రెండు భాషలు తెలిసినవాని విలువ అటువంటి చోట తెలుస్తుంది.

మా అభిప్రాయానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. విదేశీయుల సహకారం అంటేనే పెత్తనం అని కొందరు అంటారు. సహాయం పేరుతో పెత్తనం చేసిన సందర్భాలు ప్రపంచ చరిత్రలో లేకపోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు పరదేశపు చట్టాన్ని పరీక్షించకుండా దించుకోవడం కూడ మంచిది కాదు. కాని ప్రిట్ వచ్చినది ప్రభుత్వానికి ఉపదేశించడానికి కాదు, ఉరికొయ్య ముందు నిలిచినవారి పక్షాన వాదించడానికి. సహకారం ఎవరి పక్కన నిలబడినదో చూచి దాని విలువ కట్టాలి.

రెండవ ఆక్షేపణ: చట్టానికి కచ్చితమైన భాష కావాలి, ఇంగ్లీషు పదానికి స్థిరమైన అర్థం ఉన్నది, తెలుగులో, ఉర్దూలో పెట్టితే అర్థం చెదిరిపోతుంది అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఇంగ్లీషును తీసివేయమని మేము కోరడం లేదు. ఇంగ్లీషు తీర్పుతో పాటు కక్షిదారునికి అర్థమయ్యే భాషలో దాని సారాంశం చేతికి అందవలెనని కోరుతున్నాము. ఆ సారాంశం కూడ పండితులకు మాత్రమే తెలిసే కొత్త సంస్కృత సమాసాలతో, అరబ్బీ పదాలతో నిండిపోరాదు. వకీలు, జమానతు, వాయిదా, పంచనామా వంటి మాటలు మన పల్లెలలో నిరక్షరాస్యులకు కూడ తెలుసు. జనం నోట నలిగిన మాటను కాదని కోశంలోని మాటను ఎక్కించడం అనువాదం కాదు, మరొక తెర కట్టడమే.

ఇక మన కళాశాల చేయగలిగినది ఏమిటి? ఉర్దూ విభాగం, తెలుగు విభాగం ఒకే కప్పు క్రింద ఉన్న విద్యాసంస్థ మనది. ఈ సదుపాయం అన్ని కళాశాలలకు లేదు. పాలకవర్గం వారి ఆలోచన కొరకు కొన్ని సూచనలు వినయపూర్వకంగా మనవి చేస్తున్నాము.

మొదటిది, వారానికి ఒక మధ్యాహ్నం కళాశాలలో ఒక గదిని పాత కాగితాల పఠనానికి కేటాయించాలి. గ్రామస్థులు తెచ్చిన ఉర్దూ పత్రాన్ని ఉర్దూ విద్యార్థి చదివి చెప్పుతాడు. తెలుగు విద్యార్థి దానిలోని విషయాన్ని తేట తెలుగులో వ్రాసి ఇస్తాడు. ఒక అధ్యాపకుడు దగ్గర ఉండి సరిచూస్తాడు. దీనికి రుసుము తీసుకోరాదు. అసలు పత్రాన్ని ఒక్క రాత్రి కూడ మన వద్ద ఉంచుకోరాదు. ఇది కోర్టులో చెల్లే ధ్రువీకృత అనువాదం కాదని, న్యాయ సలహా కాదని ముందే స్పష్టంగా చెప్పాలి. కాగితంలో ఏమున్నదో తెలుసుకోవడమే సగం ధైర్యం.

రెండవది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మన కళాశాల ఒక లేఖ వ్రాయాలి. 1987లో వచ్చిన న్యాయ సేవాధికార చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా దీని క్రింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఈ సంగతి తెలియనివారు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. ఆ సంస్థ పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇస్తుంది. రెండు భాషలు తెలిసిన మన విద్యార్థులు అందులో చేరితే కళాశాలకూ మేలు, జిల్లాకూ మేలు.

మూడవది, కోర్టులలో, తహసీలు కచేరీలలో వాడే మాటలకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషలలో అర్థాలు ఇచ్చే చిన్న పదకోశాన్ని మన విద్యార్థులు సేకరించాలి. ఒక్క సంవత్సరంలో పూర్తి కానక్కరలేదు. ప్రతి సంవత్సరం ఈ సంచికలో కొన్ని పుటలు దానికి కేటాయించితే కొన్నేండ్లలో ఒక పుస్తకం అవుతుంది. దారుల్ తర్జుమా వంటి సంస్థకు ప్రభుత్వ ఖజానా అండ ఉండినది, మనకు లేదు. కాని ఆ పండితులకు లేనిది మనకు ఒకటున్నది. కక్షిదారుని భాష మాట్లాడే ఇంటి నుండి వచ్చిన విద్యార్థులు మనకు ఉన్నారు.

విద్యార్థి మిత్రులకు చివరగా ఒక మాట. ఉర్దూ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది, తెలుగు చదివితే ఏ లాభం అని మీరు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న తప్పు కాదు. ఇల్లు గడవాలి కదా. మేము దానికి ఉద్యోగాల పట్టిక చూపలేము. ఒకటి మాత్రం చెప్పగలము. మన జిల్లాలో ఒక ముసలి తల్లి తన భర్త పేరు ఉన్న కాగితాన్ని గుడ్డలో మూటగట్టుకొని కచేరీల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ కాగితం ఏమి చెప్పుతున్నదో ఆమెకు తెలియదు, ఎదుటి అధికారికి తెలియదు. లండను నుండి వచ్చిన న్యాయవాది కూడ ఆ కాగితాన్ని చదివి ఆమెకు వినిపించలేడు. ఉర్దూ చదువుకున్న మీరు, తెలుగు చదువుకున్న మీ మిత్రుడు ఒకే బల్ల ముందు కూర్చుంటే చదువగలరు. ఆ బల్లను ఏర్పాటు చేసే పని ఈ విద్యాసంవత్సరంలోనే ఆరంభం కావలెనని పాలకవర్గం పెద్దలను కోరుతున్నాము.